బోరు నీళ్లలో దాగిన ఎరుపు

మోటారు వేయగానే నల్లాలోంచి తుప్పు వాసన వస్తుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు సరళ మేడం గుర్తొస్తారు. ఇబ్రహీంపట్నంలో ఒక ఆడపిల్లల హాస్టల్లో నేను బట్టలు ఉతికేదాన్ని. ఆమె అక్కడే పైగదిలో ఉంటూ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. మాటల్లో పడ్డారంటే చేతిలో చాయ్ చల్లారిపోవాల్సిందే.

ఆ ఏడు హాస్టల్లో కొత్త బోరు వేశారు. నీళ్లు అద్దంలా తేటగా వచ్చేవి. ఉతికిన తెల్ల చొక్కాలు మాత్రం ఎర్రబడేవి. మరకలు పోతాయని బ్లీచింగ్ పౌడర్ వేశాను. ఇంకా ఎర్రబడ్డాయి. ఇంకొంచెం వేశాను. వార్డెన్ ఒక చొక్కా పట్టుకొచ్చి పిల్లలందరి ముందూ దులిపింది. "ఏం ఉతుకుడే ఇది? ఇటుకబట్టీల ఆరేసినవా? రేపట్నుంచి రాకు." మా ఆయన మంచం పట్టిన రోజులవి. ఆ పని ఉంటేనే మా ఇంట్లో పొయ్యి వెలిగేది.

మేడం మెట్లు దిగి వచ్చారు. "జర ఆగు వార్డెనక్కా. ఎల్లమ్మక్కా, రెండు గ్లాసులు తే" అన్నారు నాతో. రెండింట్లోనూ బోరు నీళ్లు పట్టించి, ఒకదాంట్లో చిటికెడు బ్లీచింగ్ వేశారు. చూస్తుండగానే ఆ నీళ్లు పసుపుపచ్చనై, తర్వాత ఎర్రబడ్డాయి. రెండో గ్లాసు తేటగానే ఉంది.

"గా ఎరుపు యాడికెల్లి వచ్చింది?" అంది వార్డెన్.

"నీళ్లలనే ఉన్నది అక్కా. ఇనుము. ఇంతసేపు కనవడలే."

తర్వాత నన్ను కూర్చోబెట్టి, ఉతికే బండ మీద ఐదు చాయ్ కప్పులు పెట్టి చింతగింజలు వేశారు. "గీ గింజలు ఇనుము అణువుల తిరిగే ఎలక్ట్రాన్లనుకో, కప్పులు వాటి గదులనుకో. ఇనుముకు బయట ఉండే రెండు గింజలు ముందే పోయినయ్. లోపల ఆరు మిగిలినయ్, గదులేమో ఐదే. ఒక్క గదిల ఇద్దరు ఇరుకిరుకుగ ఉన్నరు. గాలో, బ్లీచింగో వచ్చి అండ్ల ఒకరిని గుంజుకపోతే ఇగ గదికొకరు, నిమ్మళం. గప్పుడు ఎర్రగయ్యి బట్టకు పడుతది."

"అంటె తెలుపుకని నేనేసిందే ఎర్రగ చేసిందా మేడం?"

"అవ్ అక్కా. ఇనుమేమన్న చెప్పి వస్తదా?" అని నవ్వారు. నాకు అర్థమయ్యేదాకా ఆ బండ దగ్గరే కూర్చున్నారు. బడి ముఖం సరిగా చూడని నా కోసం అంతసేపు కూర్చున్న మనిషి అంతకుముందు లేరు.

మరకలకు నిమ్మకాయ, ఉప్పు రుద్దించి చొక్కాను ఎండలో పెట్టించారు. సాయంత్రానికి మరక పలచబడింది. వార్డెన్ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "రేపు జల్ది రా, మస్తు బట్టలున్నయ్" అంది.

మేడం మీర్‌పేట్‌కు మారిపోయి చాలా ఏళ్లయింది. నేను ఇప్పటికీ నీళ్లను డ్రమ్ములో నిలవ ఉంచి, ఎరుపు అడుగుకు దిగాక పైతేటే ముంచుకుంటాను. ఇంట్లో ఎవరి మీదైనా నింద పడి గొంతులు లేస్తే, "ముందు రెండు గ్లాసులు తేండ్రి" అంటాను. అందరూ నవ్వుతారు. గొంతులు మాత్రం దిగుతాయి.