కంచు పతకం

గత నెల రెండో ఆదివారం ఉదయం మా ఆవిడ అమలాపురం ఆసుపత్రిలో కన్నుమూసింది. రెండేళ్ళుగా మూత్రపిండాల జబ్బు. బంధువులకు పంపిన కబురులో 'రిటైర్డ్ సోషల్ టీచర్' అని రాశాను. అది ఆమె జీతం తీసుకున్న పని. ఇరవై ఏళ్ళు సొంతంగా చేసిన పని ఇంకొకటుంది. దాని గురించి చెప్పాలి.

ఆమె పాత యుద్ధ పతకాలు సేకరించేది. రెండు ప్రపంచ యుద్ధాలకూ మన వైపు నుంచి వెళ్ళినవాళ్ళకు తెల్లదొరలు ఇచ్చినవి. ఒకవైపు రాజు తల ఉంటుంది. అంచు మీద, గోరు వెడల్పు కూడా లేని చోట, ఆ మనిషి నంబరూ పేరూ కొట్టి ఉంటాయి. మన ఇళ్ళల్లో వాటికి కొక్కెం అతికించి పిల్లల మెళ్ళో కట్టారు. లేదంటే కరిగించి పట్టీలు చేయించుకున్నారు. అందుకని అమలాపురంలో తెలిసిన కంసాలులందరికీ ఆమె ఫోన్ నంబరు ఇచ్చి పెట్టింది.

"అమ్మగారండీ, రాజు బొమ్మ బిళ్ళొకటి వచ్చిందండీ. కరిగించెయ్యమంటారా?" అని ఫోన్ వస్తే కంచం ముందు నుంచి లేచిపోయేది.

"అన్నం తిని వెళ్ళు," అనేవాణ్ణి.

"అన్నం కరిగిపోదు కదండీ," అనేది.

ఆమె తమ్ముడికి ఇదంతా నచ్చేది కాదు. "తెల్లోడికి ఊడిగం చేసినందుకు ఇచ్చిన బిళ్ళలకి బీరువా ఎందుకే అక్కా?" అన్నాడోసారి.

"నువ్వు రాజు తల చూస్తున్నావురా. అంచు చూడు," అంది.

పతకం దొరికిన ప్రతి మనిషి వివరాలూ కనుక్కుని ఒక నోటుబుక్కులో రాసుకునేది. ఆమె దగ్గరున్న వాటిలో పది మా ఊరివాళ్ళ వెండి పతకాలు. పదకొండోది కంచుది. రాజోలులో పాత ఇత్తడి సామాన్ల కొట్టులో, చిల్లుపడిన చెంబుల మధ్య దొరికింది. అంచు మీద ఒక నంబరు, నూకయ్య అనే పేరు, పక్కన పోర్టర్ అని ఉంది. ఎవరు అమ్మారో కొట్టువాణ్ణి అడిగి కనుక్కుంటే, మా ఊరి కాలవగట్టు మీద ఇల్లే. నూకయ్యగారి మనవడి భార్య, "తాతగారు యుద్ధానికి బస్రా వెళ్ళేరంటండీ. ఆ బిళ్ళ ఆయనదని మాకేం తెలుసండీ," అంది. మా ఆవిడ తిరిగి ఇవ్వబోయింది. "మీ దగ్గరే ఉంచండి టీచరుగారూ. మా ఇంట్లో ఉంటే మళ్ళీ కొట్టుకే పోద్ది," అంది ఆమె.

ఆ పతకానికి నేనో అపచారం చేశాను. ఆమె బడి నుంచి వచ్చేలోగా సంతోషపెడదామని చింతపండు పెట్టి తోమాను. రాజుగారు కొత్త బిందెలా మెరిశారు. ఆమె వచ్చి, చూసి, కుర్చీలో కూర్చుంది.

"నూరేళ్ళు మనుషుల చేతుల్లో నలిగిన రంగండీ అది. పది నిమిషాల్లో కడిగేసేరు." బిళ్ళను తిప్పి చూసి, "అంచు తోమలేదు. అందుకని బతికేరు," అంది.

ఆ కంచు సంగతి ఆమే చెప్పింది. మొదటి యుద్ధంలో సిపాయిలకు వెండిది ఇచ్చారు. మూటలు మోసినవాళ్ళకూ, గోతులు తవ్వినవాళ్ళకూ అదే అచ్చు, అదే రాజు, కాకపోతే కంచు. మా ఆవిడ తాతముత్తాతలు పరాయి పొలాల్లో కూలికి వెళ్ళినవాళ్ళు. ఆ మాట ఆమె గొంతు తగ్గించి చెప్పడం నేనెప్పుడూ వినలేదు.

రెండేళ్ళ కిందట, యుద్ధాలకు వెళ్ళిన మా ఊరివాళ్ళ పేర్లతో పంచాయతీ ఆఫీసు ముందు శిలాఫలకం వేయాలని ఊళ్ళో పెద్దలు కమిటీగా కూడారు. పేర్లు ఆమెనే అడిగారు. పదకొండు ఇచ్చింది. చిత్తు ప్రతిలో పదే వచ్చాయి.

"ఆయన యుద్ధం చెయ్యలేదు కదండీ టీచరుగారూ. మూటలు మోసేరు," అన్నారు కమిటీ పెద్దాయన.

"ఆయ్. మరి గుళ్ళ పెట్టెలు కాళ్ళొచ్చి నడిచి వెళ్ళేయాండీ?"

"అది కాదండీ. సిపాయిల పక్కన కూలీ పేరు పెడితే వాళ్ళ కుటుంబాలు ఏమనుకుంటాయండీ?"

"సిపాయిల పక్కన పెట్టినందుకు నూకయ్యగారి కుటుంబం ఏమీ అనుకోదు లెండి."

పని ఆగింది. ఆమె జబ్బు ముదిరింది. ఆఖరి వారంలో ఆసుపత్రి మంచం మీద నాతో అంది: "నోటుబుక్కు ఇస్తే పదకొండు పేర్లకీ ఇవ్వండి. లేదంటే ఇవ్వకండి." మా ఇద్దరి మధ్యా జరిగిన ఆఖరి పెద్ద మాట అదే. నేను సరేనన్నాను.

ఆమె పోయిన మూడో వారం కమిటీవాళ్ళు పరామర్శకు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. ఫలకం పక్కన గాజు బీరువా పెడతామని, దాని మీద మా ఆవిడ పేరు రాయిస్తామని చెప్పారు. వెండి పతకాలు, సిపాయిల వివరాలున్న నోటుబుక్కు ఇస్తే చాలన్నారు.

ఆమె పేరు రాతి పక్కన. కాదంటానని వాళ్ళు అనుకోలేదు. నేనూ ఒక నిమిషం అనుకోలేదు.

"ఆవిడ పేరు వద్దండి. రాయి మీద నూకయ్యగారి పేరు రాయించండి," అన్నాను.

"అది కుదరదండీ."

"అయితే ఇదీ కుదరదండి."

టీ తాగి వెళ్ళారు. వీధిలోకి వెళ్ళాక ఒకాయన, "ఆవిడే నయం, మాట్లాడేది," అనడం వినిపించింది.

మర్నాడు రాయి చెక్కేవాళ్ళ దగ్గరకు వెళ్ళాను. కాలవ రోడ్డు వైపున్న మా ప్రహరీ గోడలో, మనిషి కంటి ఎత్తున నల్లరాయి పెట్టించాను. పదకొండు పేర్లు, ఒకే సైజు అక్షరాలు. మా ఆవిడ పేరు లేదు. కమిటీకి ఉత్తరం రాశాను: మీ రాయి మీద పదకొండోది ఎక్కిన రోజున నా రాయి తీసేస్తాను. జవాబు రాలేదు. నాకు తొందర లేదు.

నిన్న పొద్దున్న గడ్డిమోపు నెత్తిన పెట్టుకున్న ఒకావిడ గోడ దగ్గర ఆగింది. మోపు దించలేదు. ఒక చేత్తో దాన్ని పట్టుకుని, రెండో చేతి వేలితో అక్షరాలను ఒక్కొక్కటే తడుముతూ పైకి చదివింది. వెనకాల ఆటో హారన్ కొట్టింది. ఆమె కదలలేదు. ఆఖరి పేరు దాకా చదివే వెళ్ళింది.