నేల చూడని టర్బో కారు

టర్బో కారు కొన్నవాళ్ళు, కొన్నాక దాన్ని ఇంకా బాగు చేయాలని బుద్ధి పుట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే, ముందు ఓ గ్లాసు చల్లటి మజ్జిగ తాగి కూర్చోండి. ఈ కథలో ఒక కారు ఉంది, ఒక పెళ్లి సంబంధం ఉంది, యరగేర దగ్గర ఓ నల్లరేగడి పొలం ఉంది. ఓ ఆదివారం మధ్యాహ్నానికల్లా కారు పొలంలో కూరుకుపోయింది, సంబంధం గట్టు మీద నిలబడి చూస్తోంది, నేను ఆ రెండింటికీ మధ్య బురదలో ఉన్నాను.

అప్పటికి నాకు పెళ్లి కాలేదు. రాయచూరు బజారులో మాది పొలం మోటార్లు, పైపులు అమ్మే దుకాణం. గల్లా పెట్టె దగ్గర నాన్న, పైపుల మధ్య నేను. అలాంటి నాకు ఒక సెకండ్‌హ్యాండ్ టర్బో కారు దొరికింది. ఎర్రటిది, చిన్నది, మహా కోపిష్టిది. టర్బో అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం చెబుతాను. ఇంజను వదిలే పొగే ఒక చిన్న ఫ్యానును తిప్పుతుంది, ఆ ఫ్యాను ఇంజనులోకి మరింత గాలి కుక్కుతుంది, ఇంజను రెచ్చిపోతుంది. పెళ్లి భోజనంలో కడుపు నిండినవాడి విస్తట్లో కొసరి కొసరి వడ్డిస్తే ఏమవుతుందో అదే.

ఆ కారు ఉన్నది ఉన్నట్టుగా చాలా బాగుండేది. అదే నాకు నచ్చలేదు.

నా చిన్ననాటి దోస్తు గౌస్‌కు బజారు వెనక సందులో గ్యారేజీ ఉంది. పిచ్చిలో మేమిద్దరం సరిసమానం. ఫోనులో విదేశీ వీడియోలు చూసి చూసి ఆటోక్రాస్ అనే పందెం మీద మోజు పడ్డాం. ఖాళీ స్థలంలో ప్లాస్టిక్ కోన్లు వరసగా పెడతారు. ఒక్కొక్క కారే వాటి మధ్య వంకరటింకరగా పరుగెత్తాలి. తక్కువ సమయంలో వచ్చినవాడు గెలిచినట్టు, కోను పడగొడితే సమయం కలుపుతారు. ఆ వీడియోల్లో కార్లన్నీ అద్దంలాంటి తారు నేల మీద, పిల్లి నడిచినట్టు నేలకు ఆనుకుని పోయేవి. మా కారూ అలాగే పోవాలని తీర్మానించాం.

మొదట లాప్‌టాప్ పెట్టి ఇంజను బుర్ర మార్పించాం, బలం పెరిగింది. తర్వాత గాలి వదిలే కవాటం మార్చాం. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసినప్పుడల్లా అది గేదె తుమ్మినట్టు "ఉష్" మనేది. బజారులో కూరగాయలు కొనేవాళ్ళు వెనక్కి తిరిగి తమ సంచులు తడుముకునేవాళ్ళు. ఇంట్లో ఈగల మోత, బయట టర్బో మోత. ఆపైన గట్టి స్ప్రింగులు వేసి కారును బాగా కిందికి దించాం. చివరగా తారు మీద బంకలా అంటుకుపోయే టైర్లు తెప్పించాం. వాటికి గాడులు ఉన్నాయంటే ఉన్నాయి, ముసలాడి తలమీద వెంట్రుకల్లా.

దించిన కారును మొదటిసారి దుకాణం ముందు ఆపినప్పుడు నాన్న కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశాడు.

"ఏందిరా గిది? టైర్లల్ల గాలి పోయిందా?"

"గాలి కాదు నాయినా, కిందికి దించినం. మూల తిరిగేటప్పుడు ఊగకుంట ఉంటది."

"మన ఊర్ల మూలలు యాడున్నయిరా, అన్నీ గుంతలే గదా" అని ఆయన మళ్ళీ గల్లా దగ్గరికి పోయాడు.

ఆ మాటలోని సత్యం అమ్మనూ చిన్నమ్మనూ కల్లూరు పెళ్లికి తీసుకువెళ్లినప్పుడు తెలిసింది. దారిలో ప్రతి ఊరికీ ఒక స్పీడు బ్రేకరు. మనుషులు కూర్చుంటే కారు కడుపు దానికి రాసుకుంటోంది. అందుకని ప్రతి బ్రేకరు దగ్గరా వాళ్ళిద్దర్నీ దింపి, ఖాళీ కారును ఏటవాలుగా దాటించి, అవతల మళ్ళీ ఎక్కించుకున్నాను. పట్టుచీరల్లో వాళ్ళిద్దరూ నా వెనక నడిచి వస్తుంటే దారిన పోయేవాళ్ళు కారు పాడైందనుకుని తోయడానికి వచ్చారు. పెళ్లిలో అమ్మ అందరికీ చెప్పింది, బస్సులో అయితే కూర్చుని వచ్చేవాళ్ళమని, కొడుకు కారులో కాబట్టి నడిచి వచ్చామని.

ఈ లోపల సంబంధం వచ్చింది. పోతనాళ దగ్గర కాలువ కింద వరి పండించే సత్యనారాయణ గారు మా దుకాణానికి పాత ఖాతాదారు. వాళ్ళ పెద్దలు ఎప్పుడో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డారు. ఆయన కూతురు లావణ్య వ్యవసాయం చదువుకుని, తండ్రితో పాటు పొలం చూసుకునేది. చూపులకు వెళ్లినప్పుడు, తీరిక దొరికితే ఏం చేస్తారని ఆ అమ్మాయి నన్ను అడిగింది. ఆటోక్రాస్ అన్నాను. అప్పటికి ఒక్క పందెంలోనూ పాల్గొనలేదన్న సంగతి చెప్పడానికి సందర్భం కుదరలేదు. వచ్చే ఆదివారం యరగేర దగ్గర పందెం ఉందని, వచ్చి చూడమని కూడా అన్నాను. ఆమె కాస్త నవ్వి, "చూసి చెబుతానండీ" అంది. పందెం చూసి చెబుతుందా, పెళ్లి సంగతి చూసి చెబుతుందా అని గౌస్, నేను వారం రోజులు వాదించుకున్నాం.

నా మనసు మాత్రం అప్పటికే పోతనాళలో ఉండిపోయింది. అందుకే ఆ వారం కారులో నట్టు నట్టూ తడిమి చూశాను. ఇంజను ఆయిలు, బ్రేకులు, టైర్లలో గాలి, పక్క అద్దాల మీద దుమ్ము, అన్నీ చూశాను. చూడనిది ఒక్కటే. నిర్వాహకులు "యరగేర గ్రౌండ్" అన్నారు. అది తారు వేసిన స్థలమేనని నాకు నేనే చెప్పుకున్నాను. ఎవర్నీ అడగలేదు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అంటారు. కాబోయే అల్లుడినైన నాకు శని టైర్లలో ఉంది.

ఆదివారం పొద్దున వెళ్లి చూస్తే అది పొలం. పత్తి తీసేసి చదును చేసిన నల్లరేగడి పొలం. మన దేశంలో ఈ పందేలు ఎక్కువగా మట్టి మీదే జరుగుతాయట. అక్కడున్న పాత జీపులు, చిన్న కార్లు అన్నీ నేలకు బాగా ఎత్తుగా, నాగలి చాళ్ళలాంటి గాడులున్న టైర్లతో నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నా కారు పెళ్లిపందిట్లో పాకుతున్న పసిబిడ్డలా ఉంది.

అప్పటికైనా వెనక్కి తిరగొచ్చు. కానీ గట్టు మీద సత్యనారాయణ గారు, ఆయన పక్కనే గొడుగు పట్టుకుని లావణ్య. గౌస్ నా చెవిలో, "ఎండకు నేల బండ లెక్క ఉంది భాయ్, ఏం కాదు, పో" అన్నాడు. నిజమే, అప్పుడు నేల బండలాగే ఉంది. అయితే దుమ్ముకు జనం దగ్గుతున్నారని నిర్వాహకులు ఒక ట్రాక్టరు ట్యాంకరుతో దారంతా నీళ్లు చల్లించారు. చల్లినవాడు పొదుపు తెలియని మనిషి. మలుపుల దగ్గర నాట్లు వేయవచ్చు.

నా వంతు వచ్చింది. జెండా ఊపారు. మొదట్లో పరుగు అద్భుతం. టర్బో అందుకుంది, కారు ఎగిరి దూకింది, గట్టు మీద జనం కేక వేశారు. నేను ఓరకంట గొడుగు వైపు చూశాను. ఆ చూపు ఖరీదు మలుపులో తెలిసింది. స్టీరింగు తిప్పాను, కారు తిరగలేదు. నున్నటి టైర్లు వెన్న ముద్ద మీద చెయ్యి వేసినట్టు జారాయి. బ్రేకు తొక్కాను. కారు నెమ్మదిగా, మర్యాదగా తడిమట్టిలోకి దిగి, దించిన కడుపును నేలకు ఆనించి కూర్చుంది. యాక్సిలరేటర్ తొక్కితే చక్రాలు ఉన్నచోటే తిరిగాయి. కాలు తీస్తే "ఉష్" మంది. పొలమంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆ శబ్దం ఎంత అసహ్యంగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది.

తడిసిన రేగడి పట్టిందంటే అప్పులవాడైనా దాని ముందు చాలడు. గౌస్ ఇంకొందరితో వచ్చి తోశాడు. వాళ్ళు తోస్తుంటే నేను బలమంతా పెట్టి తొక్కాను. బురదంతా లేచి వాళ్ళ మీద పడింది. గౌస్ కళ్లు మాత్రమే కనిపించాయి, వాటిలో స్నేహం లేదు. మైకు దగ్గర సమయం చూసే పెద్దాయన కన్నడంలో, "కుణియలారదవళు నెల డొంకు అందళంతె" అన్నాడు. నాట్యం రానిది నేల వంకర అందట. నా విషయంలో రెండూ నిజమే, నాట్యమూ రాదు, నేలా వంకరే.

ట్రాక్టరుతో లాగుదామంటే దాని డ్రైవరు భోజనానికి ఊళ్లోకి పోయాడు. తాళం బండికే ఉంది. అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటుంటే లావణ్య గొడుగు తండ్రి చేతికిచ్చి, చున్నీ నడుముకు చుట్టుకుని గట్టు దిగింది. ట్యాంకరు విప్పించి, ట్రాక్టరు ఎక్కి, వెనక్కి తిప్పి, తెచ్చి సరిగ్గా నా కారు ముందు ఆపింది. ఇంట్లో పీట జరిపినంత సులువుగా.

"స్టీరింగు మీరు పట్టుకోండి. నేను ఎటు పోతే అటు తిప్పండి. బ్రేకు మాత్రం తొక్కకండి" అంది.

సరేనన్నాను. ఆ స్థితిలో ఆమె ట్రాక్టరు మింగమన్నా సరే అనేవాణ్ణి.

గౌస్ కట్టిన తాడు బిగుసుకుంది, కారు మూలుగుతూ పైకి లేచింది. పందెం దారికి అటూ ఇటూ జీపులు, కార్లు అడ్డంగా నిలిపి ఉన్నాయి, బయటపడే తోవ దారి చివరి గేటు ఒక్కటే. అందుకని ఆమె ఆ దారినే, కోన్ల మధ్యనే లాగింది. కుడికి, ఎడమకు, మళ్ళీ కుడికి. నేను చేపపిల్లలా వెనకాలే వెళ్లాను. చివరి గేటు దాటాక పెద్దాయన మైకులో ప్రకటించాడు, గడియారం ఆపడం మరచిపోయామని, ఈ రోజు ఒక్క కోను కూడా పడగొట్టకుండా పూర్తి చేసిన ఏకైక కారు ఇదేనని. జనం చప్పట్లు కొట్టారు. నా వైపు చూసి మాత్రం కాదు.

సత్యనారాయణ గారు "వస్తాం బాబూ" అని పొడిగా అని కూతురితో వెళ్లిపోయారు. ఇంటికి వచ్చి బురద కడుక్కుని, పైపుల వెనక కూర్చుండిపోయాను. కారు పోతే బాగు చేసుకోవచ్చు. కానీ ఆ అమ్మాయిని మళ్ళీ చూడలేకపోతే దాన్ని బాగు చేసే గ్యారేజీ లేదు. నాన్న రెండుసార్లు టీ పంపాడు.

ఆ వారంలోనే లావణ్య స్వయంగా ఫోన్ చేసింది. కారు ఎలా ఉందని అడిగింది. స్ప్రింగులు తీసేసి మళ్ళీ పైకి లేపుతున్నామని చెప్పాను. మంచిదంది. ఆపైన, తనకు ఇష్టమేనని, ఆ మాట మా ఇంట్లో చెప్పమని అంది.

"గంత జరిగినంక గూడనా?" అన్నాను.

"జరిగింది చూశాకేనండీ. అంతమంది నవ్వుతున్నా ఎవరిమీదా అరవలేదు. నేను లాగుతుంటే ఒక్కసారి కూడా బ్రేకు తొక్కలేదు, ఎటు తిప్పితే అటు కుదురుగా వచ్చారు. ఇలాంటి మనిషి మళ్ళీ దొరకొద్దూ?"

పెళ్లయ్యాక ఆ పొలంలోనే మరుసటి ఏడు మేమిద్దరం పందెంలో దిగాం, ఎత్తయిన కారుతో, గాడులున్న టైర్లతో. ఎవరు ముందు వచ్చారని అడక్కండి, ఇంట్లో శాంతిగా ఉన్నాం.

కాబట్టి రాయచూరు జిల్లా నల్లరేగడి సాక్షిగా ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. నేల చూడకుండా ఇక జన్మలో టైరు కొనను. అమ్మను స్పీడు బ్రేకరు దగ్గర దింపను. ట్రాక్టరు మీద కూర్చున్న మనిషితో వాదించను. మొదటి రెండూ ఎప్పుడైనా తప్పుతానేమో గాని, మూడోది తప్పే అవకాశం నాకు ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదు.