గంజి పెట్టిన పదిహేడు చొక్కాలు: అవాలీ పాత మైదానంలో ఒక శుక్రవారం

ఆ శుక్రవారం మా ఆయన మొహం చూడాలంటే రగ్బీ చూడక తప్పలేదు. ఆ ఆట మీద నాకు ఇష్టం లేదు సరికదా, దాని పేరు కూడా అంతకు ముందు వినలేదు. తొంభైల నడుమ మాట ఇది. నేను బహ్రెయిన్‌లో గలాలీ అనే ఊళ్ళో ఒక అరబ్బు ఇంట్లో పనిచేసేదాన్ని. మా ఆయన సూర్యారావు మనామా అవతల క్యాంపులో ఉండేవారు. ఒకే దేశంలో ఉన్నామన్న పేరే గానీ, వారానికొక్క పూట మనామా బస్టాండులో కలుసుకుని, బెంచీ మీద కూర్చుని తెచ్చుకున్నది తినడమే మా కాపురం. అవాలీలోని పాత మైదానం చూడాలనుంది, ఎలా వెళ్ళాలని ఈ మధ్య ఇద్దరు ముగ్గురు అడిగారు. నాకు తెలిసింది ఆ ఒక్కరోజు దారి, అదే రాస్తున్నాను.

ఆ వారం బస్టాండుకి రాలేనని ఆయన ముందే చెప్పారు. ఆయన పనిచేసే బిల్డింగు కంపెనీ పని అయిపోయి, వీసా ఇంక పది రోజులే మిగిలింది. ఆలోపు ఇంకో కఫీల్, అంటే వీసా ఇచ్చే యజమాని, తన పేరు మీదకి మార్చుకోకపోతే ఆయన విమానం ఎక్కాలి, నేను ఇక్కడ ఒక్కదాన్నే మిగలాలి. మనామాలో ఒక లాండ్రీ యజమాని నెల రోజులు పని చూస్తానని మూడు వారాల ముందే పెట్టుకున్నాడు. సరిగ్గా ఆ నెలలోనే ఇంగ్లీషు వాళ్ళ రగ్బీ జట్టు బట్టలు కొత్తగా ఆ లాండ్రీకి వచ్చాయి. "ఇవే నీకు పరీక్ష. ఆట అయ్యాక క్లబ్బు వాళ్ళు చీటీ మీద బాగుందని రాసిస్తే వీసా మారుస్తా. లేదంటే ఖలాస్" అన్నాడట. ఉతికిన చొక్కాలు మైదానానికి పట్టుకెళ్ళి, ఆట అయ్యేదాకా ఉండి, మాసినవి మూటగట్టి తేవాలి. అందుకని నేనే అక్కడికి బయల్దేరాను.

బయల్దేరే ముందు నా అతితెలివి ఒకటి చెప్పాలి. అంతకు ముందు వారం ఆయన దిగులుగా, "మందపాటి నూలు చొక్కాలే, తెల్ల కాలర్లు. మిషన్లోంచి తీస్తే తడి గోనెల్లా వేలాడిపోతన్నాయి" అన్నారు. నేనేమో గలాలీలో మా బాబా, అంటే ఆ ఇంటి యజమాని, తలకి చుట్టుకునే తెల్ల గుడ్డకి వారం వారం గంజి పెట్టి ఇస్త్రీ చేసేదాన్ని. అది మడత నలగకుండా నిలబడితే ఆయన మురిసిపోయేవాడు. పెద్దవాళ్ళంతా అలాగే ఇష్టపడతారు కాబోలనుకుని, "చిక్కగా అన్నం గంజి కాచి పెట్టండి. నీడపట్టున ఆరేసి, కాస్త తడిగా ఉండగానే ఇస్త్రీ చెయ్యండి. దొరల్లా నిలబడకపోతే నన్నడగండి" అన్నాను. నేను చెప్పింది ఆయన ఏనాడు విన్నారు? ఆ వారం మాత్రం విన్నారు.

మేడం పదిన్నరకి వదిలిపెట్టింది, ఏడింటికల్లా ఇంట్లో ఉండాలని షరతు. గలాలీ నుంచి బస్సులో వంతెన దాటి మనామా చేరడానికి అరగంట, టికెట్టు యాభై ఫిల్సు. అక్కడ బస్సు మారి ఈసా టౌన్ వెళ్ళాను, మళ్ళీ యాభై. అవాలీకి షేరు పికప్పులు అక్కడే దొరుకుతాయని ఎవరో చెప్పారు. పికప్పులు వరసగా ఉన్నాయి గానీ ఒక్క డ్రైవరూ లేడు, అందరూ మసీదులో ఉన్నారు. శుక్రవారం నమాజు వేళ దారి పట్టడం నా బుద్ధి తక్కువ. ఒళ్ళో క్యారేజీ పెట్టుకుని గోడ నీడన ముప్పావుగంట కూర్చున్నాను.

నమాజు అయ్యాక అబూ సల్మాన్ అనే ముసలాయన పికప్పు తీశాడు. అవాలీకి మనిషికి రెండు వందల ఫిల్సు. మనవాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ నేర్చుకున్న హిందీతో, "అక్కడ నీకేం పని? డ్యూటీయా?" అని అడిగాడు. ఆట చూడటానికి అన్నాను. అద్దంలోంచి నా చీరనీ, క్యారేజీనీ చూసి పకపకా నవ్వాడు.

"నేను ఇరవై ఏళ్ళు అక్కడ ఆఫీసులో ప్యూనుగా పనిచేశాను. నూనె బావులు దొరికిన కాలంలో ఇంగ్లీషు వాళ్ళ కోసం కట్టిన ఊరది. ఆ మైదానం మొదట్లో ఉత్త ఇసుక. ఇసుక మీద నూనె పోసి రోలరుతో తొక్కించేవాళ్ళు. పడితే మోకాళ్ళు లేచిపోయేవి. గడ్డి తర్వాత వచ్చింది" అన్నాడు. రిఫా దాటాక ఎడారిలో పైపులు, ఆ వెనక ఒక్కసారిగా పచ్చటి చెట్లు, చుట్టూ పువ్వుల కంచెలున్న ఇళ్ళు కనబడ్డాయి. దింపేటప్పుడు, "ఇక్కడ సాయంత్రం బండి దొరకదు. ఐదున్నరకి నేనే వస్తా. లేటు చేస్తే యల్లా, వెళ్ళిపోతా" అన్నాడు. అప్పటికి ఒకటిన్నర.

మైదానానికి ఒక పక్క పాత చెక్క మెట్లు, వాటి మీద రేకుల చూరు, ఇంకో పక్క వేపచెట్లు. మా ఆయన చెట్టు కింద అట్టపెట్టె మీద చెయ్యేసుకుని కాపలా కాస్తున్నారు. నన్ను చూడగానే పెట్టె తెరిచి చూపించారు. నీలం చారల చొక్కాలు, పదమూడు ఆడేవాళ్ళవి, నాలుగు మార్చుకునేవాళ్ళవి. ఒక్కొక్కటీ పలకలా నిలబడి ఉంది. వేలితో కొడితే టకటకమంది.

"ఎలా ఉన్నాయే?" అన్నారు గర్వంగా.

"ఆయ్, పెళ్ళివారి బట్టల్లా ఉన్నాయండి. ఇంక మీ వీసా మారిపోయినట్టే" అన్నాను. పులిహోర, రొయ్యల వేపుడు ఇద్దరం తిన్నాం. పిల్లల ఉత్తరం ఆయన చదివి వినిపించారు. ఏడాదిలో మాకు దొరికిన మంచి మధ్యాహ్నాల్లో అదొకటి.

రెండున్నరకి జట్టు మేనేజరు హ్యారీ వచ్చాడు, తెల్ల మీసాల పెద్దాయన. చొక్కాలు చూసి "వెరీ స్మార్ట్" అన్నాడు. మా ఆయన నా వంక చూశారు, నేను కొంగు సర్దుకున్నాను. చొక్కాలు తలమీంచి దిగుతుంటే పెళపెళమని చప్పుడు. కాలర్లు చెవుల దాకా నిలబడ్డాయి. అందరూ నిలబడి ఫోటో దిగారు. మేం వెళ్ళి చెక్క మెట్ల మీద కూర్చున్నాం, మూడింటికి ఆట మొదలైంది.

ఆట గురించి మా ఆయనకి హ్యారీ చెప్పింది ఇదీ. మామూలు రగ్బీకి పదిహేను మంది. ఇది వేరే రకం, పదముగ్గురే. ఇంగ్లండులో ఉత్తరాది వాళ్ళకి ఇదంటే ప్రాణమట. కోడిగుడ్డు లాంటి బంతి పట్టుకుని పరిగెత్తాలి, అవతలివాళ్ళు పట్టుకుని పడెయ్యాలి. ఆరుసార్లు పడేస్తే బంతి వాళ్ళకివ్వాలి. "మన చెడుగుడే, కూత ఒక్కటీ లేదంతే" అన్నారు ఆయన. నిజమే అనిపించింది. అంతంత మనుషులు ఒకరిమీదొకరు పడుతుంటే మా కింద మెట్ల చెక్క అదిరేది. నేను కూడా రెండుసార్లు లేచి నిలబడి "పట్టుకోండ్రా!" అని అరిచాను.

పావుగంట గడిచిందో లేదో, మన నీలం చారలవాళ్ళు పరిగెత్తడం మాని మెడలు గోక్కోవడం మొదలుపెట్టారు. ఒకడు చంకలు ఎడంగా పెట్టి నడుస్తున్నాడు. ఇంకొకడు చొక్కా మీదికి లాగితే ఛాతీ అంతా ఎర్రగా గీసుకుపోయి ఉంది. అది చాలదన్నట్టు చెమట పట్టేసరికి గంజి కరిగి జిగురైంది. ఆ జిగురుకి దుమ్ము అంటుకుని, చేతులకి, బంతికి పాకింది. మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. నేనేనా, నా నోరు పడిపోను, గంజి పెట్టమన్నది!

సగం ఆట అయిపోవస్తుండగా హ్యారీ మెట్లెక్కి మా దగ్గరికి వచ్చాడు. "చొక్కాలకి ఏం పెట్టావు?" అని అడిగాడు. మా ఆయన లేచి చేతులు కట్టుకుని, "స్టార్చ్ సార్. మిస్టేక్ సార్" అన్నారు. అక్కడితో ఊరుకుంటే తప్పంతా ఆయన నెత్తిన పడుతుంది. ఉండబట్టలేక నేను అడ్డం వచ్చాను.

"నో సార్. రైస్ వాటర్. మై మిస్టేక్. హస్బెండ్ నో మిస్టేక్. ఐ టెల్, హీ డూ."

"నువ్వు కూర్చోవే" అన్నారు ఆయన పళ్ళబిగువున.

"మీరూరుకోండి. చేసింది నేనైతే మీరెందుకు చేతులు కట్టుకోవడం?"

హ్యారీ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. నవ్వలేదు, తిట్టలేదు. గడియారం చూసి, "ఇంకో ఐదు నిమిషాల్లో విశ్రాంతి. ఏమైనా చెయ్యగలరా?" అన్నాడు. గట్టున ఆటగాళ్ళ సీసాలు పెట్టిన ఐసునీళ్ళ తొట్లు రెండున్నాయి, పక్కనే గడ్డికి నీళ్ళు కొట్టే గొట్టం ఉంది. నాకు ఇంకేం ఆలోచన రాలేదు. "అందరూ ఇప్పేసి ఇమ్మనండి సార్" అన్నాను, మా ఆయన దాన్ని సైగలతో చెప్పారు.

విశ్రాంతి పది నిమిషాలు. అంతంత మగవాళ్ళు చొక్కాలు విప్పి మా ముందు కుప్ప పోస్తుంటే నేను తలెత్తితే ఒట్టు. సీసాలు గడ్డి మీద పెట్టి, ఒక తొట్టిలో చొక్కాలు పడేసి, చీర ఎగదోపుకుని కాళ్ళతో తొక్కాను. గంజి పాలలా బయటికొచ్చింది. రెండో తొట్టిలో మా ఆయన జాడించారు. గొట్టంతో కడిగి, చెరో కొసా పట్టుకుని పిండాం. "గట్టిగా పట్టుకో, జారిపోతంది!" అని ఆయన, "మీరే తిప్పండి ముందు!" అని నేను. పెళ్ళైన పదకొండేళ్ళలో మేమిద్దరం కలిసి ఒక్క బట్టా ఉతకలేదు. ఐసునీళ్ళకి పాదాలు తిమ్మిరెక్కాయి. ఆఖరి చొక్కా పిండి విసిరేసరికి విజిల్ మోగింది.

తడి చొక్కాలు వేసుకోగానే ఒకడు కెవ్వుమన్నాడు. చచ్చామనుకున్నాను. వెంటనే వాడు చేతులు చాపి గాలికి నిలబడి ఏదో అరిచాడు, మిగతావాళ్ళంతా నవ్వారు. వేసవి మొదలైన రోజులు, ఆ ఎండలో ఐసులో ముంచిన చొక్కా ఎవరికి చేదు? రెండో సగంలో లేగదూడల్లా పరిగెత్తారు. అవతలివాళ్ళే ఎండకి సోలిపోయారు. అయినా మొదటి సగంలో పోగొట్టుకున్నది రాలేదు, చివరికి కొద్దిలో ఓడిపోయారు. ఆ ఓటమి మా గంజి వల్లేనని నాకు తెలుసు, హ్యారీకీ తెలుసు.

మాసిన చొక్కాలు మూట కడుతుంటే హ్యారీ లాండ్రీ చీటీ అడిగి తీసుకున్నాడు. నిలబడే రెండు వరసలు రాసి, మడిచి ఇచ్చి, తలూపి వెళ్ళిపోయాడు. నేను పదోతరగతి దాకా చదివాను, ఇంగ్లీషు అక్షరాలు విడివిడిగా ఉంటే కూడబలుక్కుంటాను. అది కలిపిరాత, పైగా తడి చేతులు తగిలి అలుక్కుపోయింది. ఒక్క "నో" మాత్రం తెలిసింది. ఆ "నో" చూసి చీటీ మా ఆయన చేతిలో పెట్టేశాను.

అబూ సల్మాన్ చెప్పినట్టే ఐదున్నరకి వచ్చాడు. మూట వెనక వేసి ముందు సీట్లో ఇరుక్కున్నాం. కొంతదూరం వెళ్ళాక, ఆఫీసులో పనిచేసిన మనిషే కదా, చీటీ అబూ సల్మాన్‌కి చూపిద్దామన్నాను.

"వద్దే. రేపు యజమాని ఎలాగూ చదువుతాడు. ఈ రాత్రైనా నిద్రపోనీ" అన్నారు ఆయన.

"నాకు పడుతుందనుకున్నారా నిద్ర? ఇలా ఇవ్వండి" అని లాక్కుని ఇచ్చాను. అబూ సల్మాన్ బండి పక్కకి ఆపి, కళ్ళజోడు పెట్టుకుని, చీటీ వెలుతురుకి పట్టి చాలాసేపు చూశాడు.

"గంజి పెట్టింది ఎవరు?" అని అడిగాడు, మొహం సీరియస్‌గా పెట్టి.

"నేనే బాబా."

"అయితే విను. చొక్కాలు శుభ్రంగా ఉన్నాయి. ఇకమీదట నో స్టార్చ్. వచ్చేసారి కూడా ఈ మనిషినే పంపండి." చదివి, కళ్ళజోడు తీసి, "మబ్రూక్" అని అభినందించాడు.

ఇంకోసారి చదవమన్నాను. చదివాడు. నేను కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను. మా ఆయన బయటికి చూస్తూ, "ఏడుస్తావెందుకే, బాగుందనే రాశాడు కదా" అంటూనే తనూ కళ్ళు తుడుచుకున్నారు. హమ్మయ్య అన్న మాట నేను ఆ రోజు అన్నన్నిసార్లు నా జన్మలో అనలేదు. ఏడింటికి ఐదు నిమిషాల ముందు గలాలీలో మేడం తలుపు తట్టాను.

ఆ మైదానం చూడ్డానికి వెళ్ళేవాళ్ళకి నేను చెప్పే సలహా ఒక్కటే: నమాజుకి ముందే అవాలీ చేరేలా బయల్దేరండి, దిగేటప్పుడే తిరుగు బండి మాట్లాడుకోండి. శుక్రవారం సాయంత్రం అక్కడ బండి కోసం ఎదురుచూస్తే చీకటి పడిపోతుంది.

నాకు ఆట నియమాలు ఇప్పటికీ పూర్తిగా రావు, ఎవరు ఎంత తేడాతో గెలిచారో కూడా మర్చిపోయాను. తప్పు నాదని ఒప్పుకోవడానికి ఎంత భయపడ్డానో, ఒప్పుకున్నాక చెయ్యడానికి పని దొరికితే ఎంత ఊపిరి వచ్చిందో మాత్రం గుర్తుంది. చీటీ బాగుందని తెలిసినా, యజమాని మాట మీద నిలబడ్డాడో లేదో నాకు వారం దాకా తెలియలేదు. మేడం ఇంటి ఫోను మేం వాడకూడదు. వారమంతా గిన్నెలు తోముతూ రోజులు లెక్కపెట్టుకున్నాను. తర్వాతి శుక్రవారం బస్సు మనామా బస్టాండులోకి తిరిగేసరికి, కిటికీలోంచి మొట్టమొదట కనబడింది మా ఆయనే. నన్ను చూసి, జేబులోంచి కొత్త వీసా కాగితం తీసి తలమీద ఎత్తి పట్టుకున్నారు.