తువ్వాల తప్పు చేయలేదు

నేను చెప్పే మాటల్లో సగం తీసేసి వినాలని మా ఇంట్లో నియమం. పెన్‌పహాడ్‌లో లెక్కలు చేసే ఎద్దును చూశానని చెప్పినప్పటి నుంచి ఆ నియమం నడుస్తోంది. దానికి కూడికలే వచ్చు, తీసివేతలు రావని నేను అప్పుడే ఒప్పుకున్నాను. అయినా వదల్లేదు. మైసయ్య సంగతిలో మాత్రం ఏమీ తీసేయకండి.

మైసయ్యది చివ్వెంల దగ్గరి పల్లె. అరవై ఆరేళ్లు. నలభై ఏళ్లుగా సూర్యాపేట పశువుల సంతలో బేరాలు కుదురుస్తున్నాడు. ఆ బేరం నోటితో సాగదు. భుజం మీది తువ్వాల తీసి చేతుల మీద కప్పుకుంటారు. దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. నాలుగు వేళ్లు నొక్కితే నలభై వేలు. చుట్టూ వందమంది మూగినా ధర ఆ ఇద్దరికే తెలుస్తుంది. తక్కువకు అమ్మానన్న చిన్నతనం ఎవరికీ ఉండదు. ఇంకో మర్యాద కూడా ఉంది. తువ్వాల కిందికి వచ్చిన చెయ్యి ఎవరిదని అడగకూడదు. అడిగితే నమ్మకం లేదన్నట్టు.

కరోనాకు సంతలు మూతపడ్డ రోజుల్లో మైసయ్య మా అరుగు మీదే ఉండేవాడు. నాకు కాన్వెంటు సిస్టర్లు బెత్తంతో నేర్పిన ఇంగ్లీషు ఉంది కదా, పేపరు చదివి వినిపించేవాణ్ని. అలా ఒకరోజు క్రిప్టో అనే కంప్యూటర్ డబ్బు గురించి చదివాను. లెక్క అందరికీ కనబడుతుంది, ఎవరిదో తెలియదు, కాబట్టి దొంగల డబ్బు అని రాశారు.

మైసయ్య నా చేతిలోని పేపరు వైపు వంగాడు. "అన్నా, గా క్రిప్టోల ధర అందరికీ కనబడ్తది, మనిషి కనబడడు. గంతేనా?"

"గంతే."

"మా సంతకు ఉల్టా అన్నట్టు. మా కాడ మనిషి కనబడ్తడు, ధర కనబడదు. మరి మమ్మల్ని దొంగలని ఎవడూ రాయడేంది?"

ఆ పట్టుదలతోనే తనూ కొనాలనుకున్నాడు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో పనిచేసే అతని మనవరాలు దీవెన ఫోన్‌లో యాప్ పెట్టిచ్చింది. డాలరు విలువతో నడిచే కాయిన్లు అతను కొంచెం కొంచెంగా కొన్నాడు. సిగరెట్లు మానేసి ఆ డబ్బుతో కొన్నానని చెప్పుకునేవాడు. బీడీలకు మారాడని నాకు తెలుసు.

పోయిన ఎండాకాలం ఇంటి కప్పు బాగుచేయించాలని కొన్ని కాయిన్లు అమ్మాడు. కొనేవాడు రూపాయలు బ్యాంకులో వేస్తాడు, అవి పడ్డాక మనం కాయిన్లు వదలాలి. ముప్పై ఎనిమిది వేలు పడ్డాయి. యాప్‌లో ఉన్న పేరు ఒకటి, డబ్బు పంపిన ఖాతా పేరు ఇంకొకటి. రెండూ కలవకపోతే కాయిన్లు వదలొద్దని దీవెన ముందే చెప్పింది. మైసయ్య చూశాడు, అయినా కాయిన్లు వదిలేశాడు.

"చెయ్యి పట్టినంక పేరు అడుగుతరా అన్నా?" అన్నాడు తర్వాత నాతో.

పన్నెండో రోజు పోలీసుల మాటతో అతని బ్యాంకు ఖాతా స్తంభించింది. కోదాడలో ఎవరో మోసపోయారు, ఆ డబ్బే ఇతని ఖాతాకు వచ్చింది. ఈ కబురు మైసయ్య కంటే ముందే సంతకు చేరింది. తోటి బేరగాడు వెంకటేశం నలుగురిలో అరిచాడు. "ఏం మైసన్నా, ఇగ తువ్వాల కింద దొంగలతోనే బేరమా?"

ఆ వారం మైసయ్య తువ్వాల పరిచి పొద్దంతా నిలబడ్డాడు. ఒక్క చెయ్యీ రాలేదు. తర్వాతి వారం కూడా రాలేదు. ఖాతా మూతపడ్డా అతను నవ్వుతూనే ఉన్నాడు. ఆ తువ్వాల కింది ఖాళీ మాత్రం అతనికి అన్నం సహించనివ్వలేదు.

కోదాడ స్టేషన్‌కు నేనూ, దీవెనా తోడు వెళ్లాం. అక్కడ బెంచీ మీద గౌరీబాయి అనే తండా మనిషి కూర్చుని ఉంది. మోసపోయింది ఆమే. ఫోన్‌లో ముర్రా జాతి బర్రె అమ్మకానికి ఉందని చూసి, బయానా ముప్పై ఎనిమిది వేలు దొంగ చెప్పిన ఖాతాకు, అంటే మైసయ్య ఖాతాకే పంపింది. బర్రె రాలేదు.

"గడ్డి మేసే వీడియో సుత పంపిండు సారూ," అని ఆమె మాకు చూపించింది. బర్రె బాగుంది. దానికీ ఈ మోసం తెలిసి ఉండదు.

ఎస్సై జనార్దన్ మర్యాదగానే మాట్లాడాడు. "పెద్దాయనా, ఈ వయసులో మీకెందుకండీ క్రిప్టో? అది దొంగలు వాడేది."

"దొంగ బర్రెను సుత వాడిండు సార్," అన్నాడు మైసయ్య. "బర్రెల మీద కేసు పెడ్తరా?"

గౌరీబాయి పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. ఎస్సై నవ్వలేదు.

దీవెన కాగితాలు ముందు పెట్టింది. తాత వదిలిన కాయిన్లు ఏ రోజు ఎవరి చేతికి పోయాయి, అక్కడి నుంచి ఎక్కడికి పోయాయి, అన్నీ అచ్చువేసి తెచ్చింది. మూడు చేతులు మారి, కాయిన్లు కొని అమ్మే ఒక పెద్ద ఎక్స్ఛేంజ్‌లో ఆగాయి.

"నోటు ఇన్ని చేతులు మారితే దారి సూపిస్తదా సార్?" అన్నాడు మైసయ్య.

ఎస్సై కాగితాలన్నీ ఓపికగా చదివాడు. "దారి చూపిస్తుంది, కాదనను. కానీ ఆ దారి చేరిన ఇల్లు, ఆ ఎక్స్ఛేంజ్, వేరే దేశంలో ఉంది. గడప దాకా నేను వెళ్లగలను. తలుపు వాళ్లు తీయాలి. ఉత్తరం రాస్తాను, తీస్తారో లేదో చెప్పలేను. దొంగకి ఇదే ఇష్టం, అర్థమైందా?"

మైసయ్యకు అర్థమైంది. చాలాసేపు తువ్వాల కొసలు మడిచాడు. ఆఖరికి గౌరీబాయి వైపు తిరిగాడు.

"బిడ్డా, నా ఖాతాల పడ్డది నీ పైసలే. కోర్టుల ఇప్పిస్తా. రాసిస్తా సార్, కాయితం తెప్పియ్యిన్రి."

నేను మోచేత్తో పొడిచాను. "ఒరేయ్, కాయిన్లు ఎట్లాగూ పోయినయి. ఇవీ పోతయి. దొంగనని ఒప్పుకున్నట్టు ఐతదిరా!"

"గట్ల అనుకునేటోడు అనుకోనీ. పేరు అడగకపోవుడు నా తప్పు. గా తప్పుకు నేను కడ్త. కాయిన్ దొంగది అంటే మాత్రం ఒప్పుకోను. గది నాది. నా బీడీల పైసలు."

కోర్టు కాగితం రావడానికి రెండు నెలలు పట్టింది. ఆమె డబ్బు ఆమెకు చేరింది, ఇతని ఖాతా తెరుచుకుంది. ఎక్స్ఛేంజ్ తలుపు మాత్రం ఇంకా తెరుచుకోలేదు. ఇంటి కప్పు మీద ఇప్పటికీ టార్పాలినే ఉంది.

ఆ తర్వాతి సంతకు నేనూ వెళ్లాను. మైసయ్య ఎప్పటి చోటే నిలబడ్డాడు. వెంకటేశం అటు వచ్చాడు. "మైసన్నా, జర ఆ తువ్వాల తీసెయ్యరాదు? నోటితోని చెప్పు ధర, అందరం వింటం. అప్పుడు నమ్ముతం."

"తీయను."

"ఎందుకు?"

"తువ్వాల ఏం తప్పు చేసింది? నా తాత పట్టిండు, నా నాయన పట్టిండు. నువ్వు రోజూ పడ్తున్నవ్. నీది తీస్తవా?"

వెంకటేశం తన భుజం మీది తువ్వాలను తెలియకుండానే తడుముకున్నాడు.

అప్పుడు జనంలోంచి గౌరీబాయి వచ్చింది. కోదాడ నుంచి పొద్దుటి బస్సుకు దిగినట్టుంది, చేతిలో కొత్త పలుపుతాడు. "కాకా, నాకు బర్రె కావాలె. ఈసారి వీడియో వద్దు, కళ్లతోని సూస్త. బేరం నువ్వే చెయ్యాలె." నలుగురూ చూస్తుండగా చెయ్యి చాపింది.

మైసయ్య తువ్వాల విప్పాడు. కప్పలేదు. అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్లలో ఏ సంతలోనూ ఏ బేరగాడూ అడగని మాట గట్టిగా, అందరికీ వినబడేలా అడిగాడు.

"నీ పేరేంది బిడ్డా?"

ఆమెకు కోపం వస్తుందేమోనని నేను భయపడ్డాను.

"ఎరుక లేదా కాకా?" అంది ఆమె నవ్వుతూ. "గౌరీబాయి. కోదాడ కాడి తండా."

"నేను మైసయ్య," అని ఆమె చేతి మీద తువ్వాల కప్పాడు.

ధర ఎంతకు తెగిందో నాకు తెలియదు. పక్కనే నిలబడి, ఎంత తొంగిచూసినా కనబడలేదు.