క్రీస్తుదాసు మాస్టారి మార్ల్‌ఫోర్డ్

నూజివీడు బస్టాండులో ఏ ఆటోవాణ్ణి అడిగినా మార్ల్‌ఫోర్డ్‌లో దారి చెబుతాడు. రాతి వంతెన దిగి, ఎడం పక్కకి తిరిగి, గడియారం ఉన్న మార్కెట్టు దాటితే కోట. మార్ల్‌ఫోర్డ్ ఉన్నది ఇంగ్లండులో. ఆటోవాడు హనుమాన్ జంక్షన్ దాటి ఎరగడు. అయినా చెబుతాడు, ఎందుకంటే వాడు క్రీస్తుదాసు మాస్టారి దగ్గర ఇంగ్లీషు చదువుకున్నాడు. మాస్టారు చెప్పిన ఇంగ్లీషంతా అదే.

మాస్టారికి పదకొండేళ్ళప్పుడు మిషను బళ్ళో దొరసానిగారు బైబిలు వాక్యాల పోటీ పెట్టింది. డెబ్బై వాక్యాలు తప్పు లేకుండా అప్పజెప్పాడని తన సొంతూరి గైడు పుస్తకం బహుమతిగా ఇచ్చింది. నలభై పేజీలు, అట్ట మీద కోట బొమ్మ. వాక్యాలు కంఠతా పట్టినవాడు ఊరుకుంటాడా? బహుమతిని కూడా పట్టేశాడు. ఆ తర్వాత ముప్పై నాలుగేళ్ళ ఉద్యోగంలో పిల్లలకి వ్యాసమంటే మార్ల్‌ఫోర్డ్ కోట, ఉత్తరమంటే మార్ల్‌ఫోర్డ్ చూసొచ్చి స్నేహితుడికి రాసిన ఉత్తరం. నూజివీడు కోట పక్క నుంచే రోజూ సైకిలు తొక్కాడు మహానుభావుడు, ఒక్కనాడు తలెత్తి చూసిన పాపాన పోలేదు. పెరటి చెట్టు వైద్యానికి పనికి రాదు కదా!

ఆయన భార్య ఇన్నమ్మ చాట్రాయి వైపు కతోలిక ఇంటి పిల్ల. చదువు రెండో తరగతి. సీజన్లో మామిడితోటల్లో కాయ గ్రేడింగుకి వెళ్తుంది. ఆమెకి ఒకటే పట్టింపు, నవంబరు రెండున సమాధుల పండుగ. నాలుగు రోజుల ముందే సున్నం బకెట్టు పట్టుకుని సమాధుల తోటకి బయల్దేరుతుంది. మాస్టారికి సరిగ్గా ఆ నాలుగు రోజులే జలుబు చేస్తుంది. ఏటా చేస్తుంది.

ఈ ఏడు ఏప్రిల్లో పాస్టరు డేవిడ్ రాజు గారు గుళ్ళో ఒక కబురు చెప్పారు. దొరసానిగారి తమ్ముడి మనవరాలు హెలెన్ మే నెలలో వస్తోందట. ఇక్కణ్ణుంచి ఒక్కరిని ఎంచుకుని అక్టోబరు ఆఖర్లో మూడు వారాలు మార్ల్‌ఫోర్డ్‌కి పిలిపించుకుంటుందట. మాస్టారికి ఆపైన ప్రసంగం చెవికెక్కలేదు. మధ్యాహ్నానికల్లా కోటు కొలతలిచ్చి వచ్చాడు. అరవై ఏడేళ్ళ మనిషి. ఇప్పుడు తప్పితే ఇంకెప్పుడూ లేదని ఆయనకీ తెలుసు, ఇన్నమ్మకీ తెలుసు. అందుకే ఆమె ఆ నెల రోజులూ ఆయన్ని వెక్కిరించడం మానేసింది.

హెలెన్ రానే వచ్చింది. ఎండకి టమాటా పండులా ఉంది పాపం. మాస్టారు వరండాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళైనా ఇవ్వకుండా, వంతెన దగ్గర మొదలుపెట్టాడు. ఏడు కమానులు, పిండిమర, గంటల గోపురం. అమ్మ పుట్టిల్లు మేనమామ ఎరగడా? ఆవిడ ముందు ముచ్చటపడింది, తర్వాత చేతి గడియారం చూసుకుంది, ఆఖరికి నోరు విప్పింది.

"మార్కెట్టు ఇప్పుడు లేదండీ. నేను పుట్టకముందే కాలిపోయింది. అక్కడ కార్లు నిలుపుతారు."

"లేకపోవడమేంటి?" మాస్టారి గొంతు తరగతి గదిలోకి వెళ్ళిపోయింది. "పధ్నాలుగో పేజీ చూడండి. గడియారం ఇప్పటికీ గంటలు కొడుతుందని రాసుంది."

"పిండిమర కూడా అపార్టుమెంట్లు అయిపోయింది," అందావిడ మెల్లగా.

"ఇరవై రెండో పేజీ!"

చూశారా చోద్యం! ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి ఆ ఊరు లేదని చెప్పే హక్కు లేదట. ఆవిడతో వచ్చిన డేవిడ్ రాజు గారు దగ్గారు. హెలెన్ నవ్వేసి, "సరే, మీ ఊళ్ళో ఏం చూడాలి?" అని అడిగింది.

"ఇక్కడేముందండీ, దుమ్ము, మామిడికాయలు."

"మా మామ్మగారి సమాధి? దానికోసమే ఇంత దూరం వచ్చాను."

దొరసానిగారిని ఈ ఊళ్ళోనే పాతిపెట్టారని మాస్టారికి తెలియక కాదు. ఎక్కడో మాత్రం తెలీదు. నలభై పేజీల్లో అది లేదు.

"రికార్డులు చూడాలండీ," అన్నాడు.

అప్పుడే చిన్న రసాల పళ్ళెంతో వచ్చిన ఇన్నమ్మ ఆ సంగతి పాస్టరు గారి నోట తెలుగులో విని, పళ్ళెం దించింది. "రికార్డులెందుకండీ? దొరసానమ్మ గారేగా! పదండి చూపిస్తాను. ముందు ఈ పండు తినండమ్మా, మొహం వాడిపోయింది." పండు పిసికి, ముచ్చిక తుంచి, సొన పిండేసి ఆవిడ చేతిలో పెట్టింది. హెలెన్ మోచేతులదాకా రసం కార్చుకుంటూ నడిచింది.

సమాధుల తోట మామిడితోట వెనకే. అన్ని సమాధుల్లోనూ అదొక్కటే మల్లెపువ్వులా తెల్లగా ఉంది. పలక మీద ఇంగ్లీషక్షరాలు నల్లగా, నిన్న రాసినట్టున్నాయి.

"ఇవెవరు రాశారు?" అంది హెలెన్. పాస్టరు గారు తెలుగు చేసి అడిగారు.

"రాయడమేముందండీ, నాకొచ్చా ఏమన్నానా? చెక్కిన గాడి దాటకుండా ఏటా పుల్లతో రంగు నింపుతాను. నా అన్నవాళ్ళెవరూ లేరు కదండీ ఆ తల్లికి. మా ఆయనకి చదువు చెప్పింది."

హెలెన్ ఆ అక్షరాల మీద వేలు పెట్టి చదువుకుని, రసం కారే చేతులతోనే ఇన్నమ్మని వాటేసుకుని ఏడ్చింది. మాస్టారు వెనక నిలబడి ఆ పలక చదివాడు, మొదటిసారి. పుట్టిన ఊరు మార్ల్‌ఫోర్డ్ అని ఉంది.

ఆ ఆదివారం, ప్రయాణానికి హెలెన్ ఎంచుకుందని గుళ్ళో చదివిన పేరు ఇన్నమ్మది. మాస్టారు రెండు రోజులు అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. కడుపు మండింది, సిగ్గేసింది, రెండూ నిజమే. మూడో రోజు పుస్తకం తెచ్చి భార్య పక్కన కూర్చున్నాడు.

"విను. వంతెన దిగ్గానే ఎడం పక్కకి..."

"అవన్నీ తర్వాత. దొరసానమ్మ గారి అమ్మానాన్నల సమాధులెక్కడో చెప్పండి. ముందు అక్కడికెళ్ళాలి."

మాస్టారు నలభై పేజీలూ తిరగేశాడు. మళ్ళీ తిరగేశాడు.

"పోన్లెండి, అక్కడే ఎవర్నన్నా అడుగుతాను," అంది ఇన్నమ్మ. "ఏవండీ, పండక్కి నేనుండను. సున్నం బకెట్టు దొడ్లో ఉంది. రంగు మీరే నింపాలి. జలుబని పడుకోకండి."

మాస్టారు పుస్తకం మూసి, "పుల్ల ఎక్కడుంది?" అని అడిగాడు.