నైరుతి మూల సబ్‌వూఫర్

మా హాలుకు చిన్న సబ్‌వూఫర్ చాలని మేడ్చల్ షాపతను చెప్పాడు. నేను ఇంట్లో ఈశాన్య మూల దానికి చోటు కూడా తుడిచి పెట్టుకున్నాను. కారు ఉందని వెంట తీసుకెళ్లిన పక్కింటాయనే అడ్డం పడ్డాడు. దేవరయాంజాల్‌లో మాకు ఇల్లు కట్టి అమ్మింది ఆయనే కాబట్టి, వాస్తు చెప్పే హక్కు ఇంకా తనకే ఉందనుకుంటాడు.

“ఈశాన్యంల బరువు పెడ్తరా సార్? నైరుతిల పెట్టుర్రి. ఆడ ఎంత బరువుంటే అంత మంచిది. గా పెద్దది తీస్కోర్రి!”

సంగీతం సంగతి ఎత్తితే వింటేనా! ఇద్దరం పడితే గానీ లేవని పెట్టెను తెచ్చి నైరుతిలో ప్రతిష్ఠించాం. కొబ్బరికాయ ఆయనే కొట్టాడు.

ఆ మూల గోడకు అవతల వాళ్ళ వంటిల్లు. వాస్తు ప్రకారం ఆగ్నేయంలోనే కట్టుకున్నాడు మహానుభావుడు. ఖర్చు కలిసొస్తుందని రెండిళ్లకూ ఒకటే గోడ లేపిందీ ఆయనే. పాటలో డప్పు మోగగానే అవతల స్టీలు గిన్నెలు తాళం అందుకున్నాయి. ఏదో మూత కింద పడి చాలాసేపు దొర్లింది. పాట అయ్యేలోపు ఆయన మా గుమ్మంలో ఉన్నాడు.

“సార్, గా డబ్బా ఈశాన్యంలనే పెట్టుర్రి.”

“మరి బరువో?” అన్నాను.

“పాటకేం బరువుంటది సార్!”