తూటాలకు నేను పూసిన గ్రీజు

మా ఆయన విప్పి మేకుకు తగిలించిన తూటాల బెల్టు నుంచి గ్రీజు వాసన వచ్చింది. చొక్కా మీద రక్తపు మరక. ఆయనది కాదు. సైదులు కన్ను పోయిందన్నాడు. ఎలా పోయిందని అడగలేదు. ఎందుకు అడగలేదో ఆయనకు తట్టలేదు. ఆ సాయంత్రం మొదలైన భయాన్ని ఇన్నేళ్లుగా మోస్తున్నాను. ఇది చదివే మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

మా ఆయన, సైదులన్న కోదాడలో ఒక బ్యాంకుకు తుపాకీ గార్డులు. ఏడాదికోసారి సూర్యాపేట అవతల గుట్ట దగ్గర ఫైరింగ్ ప్రాక్టీసు. ఏడాదంతా బెల్టులో మోసిన పాత తూటాలను అక్కడ కాల్చేసి కొత్తవి తీసుకోవాలి. తూటాకు రాగి తొడుగు ఉంటుంది. కాల్చినప్పుడల్లా ఆ రాగి కాస్త గొట్టం లోపల అంటుకుపోతుంది. నూనెగుడ్డతో తుడిచినా పోదు. అంతకుముందు ఏడాది ఆఫీసరు మా ఆయన రైఫిల్ గొట్టాన్ని ఎండకెత్తి చూసి, అందరి ముందూ తిట్టాడట. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

నేను బీయస్సీ కెమిస్ట్రీ. రాగికీ ఇనుముకీ మధ్య ఒక పొర ఉంటే రాగి అంటదు కదా అనుకున్నాను. తెల్లవారుజామున బస్సు కనుక, ప్రాక్టీసుకు ముందు రోజు ఆయన బెల్టు ఇంటికే తెచ్చుకున్నాడు. ఆయన స్నానానికి వెళ్లగానే, సైకిల్‌కు వాడే గ్రీజు ఒక్కో తూటాకూ పలచగా పూశాను. ఆయనకు చెప్పలేదు. గొట్టం మెరుస్తూ ఉంటే మురిసిపోతాడని, అప్పుడు చెబుదామని. అది ప్రేమేనా? నా చదువు మీద నాకున్న గర్వం కాదా?

సైదులన్న తూటాలు చెమ్మ పట్టి పేలలేదట. మా ఆయన బెల్టులోంచి కొన్ని తీసుకుని ముందు సైదులన్నే కాల్చాడు. తుపాకీ వెనక్కి పేలింది. తూటాకు జిడ్డు అంటితే తుపాకీ అలా ఎదురు తంతుందని ఆ తరువాత, నేను చేసింది తెలియకుండానే, మా ఆయనే చెప్పాడు. ఆ గందరగోళంలో మిగతా తూటాలను ఎవరూ పట్టి చూడలేదు.

ఇంకొకటి కూడా చెప్పాలి. నాకు ముందు కలిగింది దుఃఖం కాదు. పోయింది నా భర్త కన్ను కాదు కదా అన్న ఊరట.

దవాఖానకు బత్తాయిలు పట్టుకుని వెళ్లాను. కట్టు కిందినుంచి సైదులన్న మెల్లగా అన్నాడు: "బ్యారెల్ల నూనె సరిగ తుడువకపోయిన్నేమో, చెల్లె. తప్పు నాదే. ఆఫీసరుకు గట్లనే రాసిచ్చిన."

"అట్ల అనకు అన్నా," అన్నాను.

అంతే. నోటి దాకా వచ్చిన మాట మింగేశాను. మా ఆయన ఉద్యోగం పోతుందని, నన్ను పోలీసులు తీసుకెళ్తారని, అప్పటికి కడుపులో ఉన్న పెద్దవాడు ఏమవుతాడోనని. ఉద్యోగం పోయింది సైదులన్నకు. ఇప్పుడు మిర్యాలగూడలో బావమరిది హోటల్లో గల్లా దగ్గర కూర్చుంటాడు.

ఈ రోజు చిలుకూరులో పెళ్లికి వచ్చి, రాత్రికి మా ఇంట్లో ఆగాడు. పిల్లలు ఆయన ముఖం చూసి తలుపు చాటుకు పోయారు. పటాకు పేలి కన్ను పోయిందని వాళ్లకు ఎప్పుడో చెప్పాను. చిన్నది తలుపు చాటునుంచే, కన్నేదని అడిగింది. ఆయన నవ్వాడు. "మీ అమ్మ డబ్బల దాసిపెట్టింది. అడుగుపో."

పరాచికమే. కానీ నిజంగా పరాచికమేనా? తెలుసా ఆయనకు? తెలిసే ఇన్నేళ్లూ చెల్లె అని పిలుస్తున్నాడా? మా ఆయన డ్యూటీకి వెళ్లాడు. ముందు గదిలో సైదులన్న గురక వినిపిస్తోంది. ఆ గురక ఆగినప్పుడల్లా నా కలం ఆగిపోతోంది.

ఇది పొద్దున రాస్తున్నాను. సైదులు మామకు చాయ్ ఇచ్చి రమ్మంటే పిల్లలిద్దరూ పోమన్నారు, భయమట. గ్లాసు కింద పెట్టి వాళ్లను దగ్గరకు లాక్కున్నాను. "మామను జూసి భయపడొద్దు. కన్ను పటాకుతోని పోలే. తూటాలకు అమ్మ గ్రీజు పూసింది. అందుకే పోయింది," అన్నాను.

ముందు గదిలో మంచం కిర్రుమంది. నేను గొంతు తగ్గించలేదు.